కూలిన చోటు తెలిసినా పైలట్ ఎందుకు దొరకడు: సముద్రంలో గాలింపు వెనుక లెక్కలు

యుద్ధ విమానం సముద్రంలో కూలిందన్న వార్త వచ్చినప్పుడల్లా అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరం వెంబడి ఒకే ప్రశ్న వినిపిస్తుంది. విమానం ఫలానా చోట పడిందని అధికారులే చెబుతున్నారు, హెలికాప్టర్లు తిరుగుతున్నాయి, నౌకలు వెళ్లాయి, అయినా మనిషి ఇంకా దొరకలేదంటే ఎక్కడో నిర్లక్ష్యం జరిగి ఉండాలి కదా అని అడుగుతారు. వేటకు వెళ్లినవాళ్ల కోసం రోజుల తరబడి ఒడ్డున ఎదురుచూసిన ఊళ్లు ఇవి కాబట్టి ఆ ప్రశ్నలో ఆవేదన ఉంది, దానికి సరైన జవాబు కూడా దక్కాలి. నిర్లక్ష్యం జరిగే సందర్భాలు లేవని కాదు. అయితే నిర్లక్ష్యం ఏమాత్రం లేకున్నా పైలట్ దొరకకపోవడానికి బలమైన కారణాలున్నాయి, వాటిలో చాలా వరకు కాలానికీ వైశాల్యానికీ సంబంధించిన లెక్కలు.

2020 నవంబరు 26 సాయంత్రం విమానవాహక నౌక విక్రమాదిత్యకు చెందిన మిగ్–29కె శిక్షణ విమానం గోవా దగ్గర అరేబియా సముద్రంలో కూలింది. ఇద్దరు పైలట్లలో ఒకరిని త్వరగానే రక్షించారు. రెండోవారైన కమాండర్ నిశాంత్ సింగ్ కోసం నౌకాదళం 9 యుద్ధనౌకలను, 14 విమానాలను రంగంలోకి దింపింది. శకలాలు మూడు రోజుల్లోనే దొరికాయి. ఆయన భౌతికకాయం మాత్రం డిసెంబరు 7న, గోవా తీరానికి సుమారు 30 మైళ్ల దూరంలో, 70 మీటర్ల లోతున దొరికింది. ఒకే విమానం, ఒకే ప్రమాదం, ఒకే సముద్రం. ఒకరు ఆ సాయంత్రమే బయటపడితే మరొకరి ఆచూకీకి 11 రోజులు పట్టింది. ఇంత తేడా ఎందుకు వస్తుందో తెలియాలంటే ముందు వార్తల్లో కలిసిపోయే మూడు చోట్లను విడదీయాలి.

విమానం పడిన చోటు వేరు, పైలట్ దూకిన చోటు వేరు, ఇప్పుడున్న చోటు వేరు

మొదటిది శకలాలు పడిన చోటు. రెండోది పైలట్ ఎజెక్షన్ సీటు సాయంతో విమానం నుంచి బయటకు వచ్చిన చోటు. మూడోది, వెతికేవారికి నిజంగా కావలసింది, ఈ క్షణంలో పైలట్ ఉన్న చోటు. టీవీలో పటం మీద ఎర్రచుక్కగా చూపేది చాలాసార్లు వీటిలో ఏదీ కాదు. రాడార్‌లో విమానం చివరిసారి కనిపించిన స్థానం అది. గాలింపు నిపుణులు దీన్ని ‘చివరిగా తెలిసిన స్థానం’ అంటారు. అక్కడి నుంచి విమానం ఎటు తిరిగింది, ఎంత దూరం సాగింది అన్నది ఊహించుకోవలసిందే.

ఆ దూరం ఎంత ఉండవచ్చో 2023 సెప్టెంబరులో అమెరికాలో జరిగిన సంఘటన చూపింది. దక్షిణ కరోలినా రాష్ట్రంలో ఎఫ్–35 పైలట్ ఒకరు ఎజెక్ట్ అయ్యి ఒక ఇంటి పెరట్లో క్షేమంగా దిగారు. పైలట్ లేని ఆ విమానం మరో 11 నిమిషాలకు పైగా ఎగిరి, 100 కిలోమీటర్లకు మించి వెళ్లి కూలింది. అక్కడ మనిషి వెంటనే దొరికాడు, శకలాల కోసం మరునాటి దాకా వెతకవలసి వచ్చింది. ఇదే సముద్రం మీద తారుమారై, శకలాలు ముందు దొరికి మనిషి దొరకలేదనుకుందాం. శకలాల చుట్టూ వెతికితే చాలనుకోవడం ఎంత పొరపాటో తెలిసిపోతుంది.

దీనికి పూర్తి భిన్నమైన పరిస్థితి కూడా ఉంది. 2017 మే 23న తేజ్‌పూర్ నుంచి బయలుదేరిన సుఖోయ్–30 అస్సాం–అరుణాచల్ సరిహద్దు అడవుల్లో కూలింది. దట్టమైన అడవి, చెడు వాతావరణం వల్ల శకలాలు మూడు రోజులకు గాని కనిపించలేదు. పైలట్లు బయటపడి అడవిలో ఎక్కడైనా ఉన్నారేమోనన్న ఆశ అప్పటిదాకా నిలిచింది. చివరకు విమాన డేటా రికార్డరును విశ్లేషించినప్పుడు, కూలే ముందు ఇద్దరూ ఎజెక్షన్ మొదలుపెట్టలేకపోయారని తేలింది. పైలట్ సీటు వదిలాడా లేదా అన్న ఒక్క విషయం మీద గాలింపు స్వరూపమంతా ఆధారపడుతుంది. అదే చాలాసార్లు చివరికి గాని తెలియదు.

ఎజెక్షన్ తర్వాతి పది నిమిషాలు

ఎజెక్షన్ సీటు అంటే కింద రాకెట్ మోటారు అమర్చిన కుర్చీ. పిడి లాగగానే పైనున్న గాజు కప్పు ఊడిపోతుంది లేదా పగులుతుంది, సీటు పైలట్‌తో సహా పైకి దూసుకుపోతుంది, తరువాత సీటు విడిపోయి పారాచూట్ తెరుచుకుంటుంది. మిగ్–29, సుఖోయ్–30 విమానాల్లో రష్యా తయారీ కె–36 సీట్లు, తేజస్, హాక్ విమానాల్లో బ్రిటన్‌కు చెందిన మార్టిన్–బేకర్ సీట్లు ఉంటాయి. ఈ తరం సీట్లు విమానం నేల మీద కదలకుండా ఉన్నా పనిచేస్తాయి. కానీ విమానం తలకిందులై లేదా నిట్టనిలువుగా సముద్రం వైపు దూసుకుపోతూ ఉంటే సీటు ఎంత మంచిదైనా సమయం చాలదు.

సీటు పైకి లేచే క్షణంలో శరీర బరువుకు పది, పదిహేను రెట్ల బలం వెన్నుపూస మీద పడుతుంది. వెన్నెముకలో పగుళ్లు, విమానవేగంతో ఎదురయ్యే గాలికి చేతులు, కాళ్లు విరగడం ఎజెక్షన్‌లో తరచుగా కనిపించే గాయాలు. అంటే నీటిలో పడేసరికి పైలట్ స్పృహలో ఉన్నా, రెండు చేతులూ పనిచేసే స్థితిలో ఉంటాడన్న హామీ లేదు.

ఇక్కడ ఒక దృశ్యాన్ని దగ్గరగా చూడాలి. పారాచూట్ మీద దిగుతుండగా సీటు అడుగున ఉండే పెట్టె విడిపోయి, తాడుకు కట్టి పైలట్ కాళ్ల కింద వేలాడుతుంది. అందులో గాలితో ఉబ్బే చిన్న పడవ, తాగునీరు, నిప్పు సంకేతాలు, అద్దం, నీటిలో కలిపితే మెరిసే పచ్చరంగు పొడి ఉంటాయి. పెట్టె ముందు నీటిని తాకుతుంది, ఆ వెంటనే మనిషి. తడిసిన పారాచూట్ గుడ్డలో గాలి ఇంకా నిండే ఉంటే అది మనిషిని అలల మీద ఈడ్చుకుపోతుంది, గాలి పోతే తాళ్లన్నీ ఒంటికి చుట్టుకుంటాయి. భుజాల దగ్గరి బకిల్ ఊడదీసుకుని, తాడు లాగి పడవను దగ్గరకు తెచ్చుకుని, దానిలోకి ఎక్కాలి. చేయి విరిగిన మనిషికి ఆ బకిలే దాటరాని గండం. నీరు తగలగానే దానంతటదే విడిపోయే కట్లు, దానంతటదే ఉబ్బే లైఫ్ జాకెట్లు అందుకే వచ్చాయి. పడవలోకి ఎక్కగలిగిన పైలట్, ఎక్కలేకపోయిన పైలట్ గాలింపు లెక్కలో ఇద్దరు వేర్వేరు మనుషులు. ఎలా వేర్వేరో తర్వాతి ఉదాహరణలో చూడవచ్చు.

అంతర్వేదికి ఆగ్నేయంగా ఒక ఊహా ఉదాహరణ

నవంబరు నెలలో అంతర్వేదికి ఆగ్నేయంగా, తీరానికి 40 కిలోమీటర్ల దూరంలో ఒక పైలట్ ఎజెక్ట్ అయ్యారని ఊహించుకుందాం. ఇది లెక్క కోసం కల్పించిన సందర్భం మాత్రమే. పారాచూట్ 3,000 మీటర్ల ఎత్తులో తెరుచుకుంది, సెకనుకు 6 మీటర్ల చొప్పున దిగుతోంది, ఈశాన్య గాలి సెకనుకు 8 మీటర్ల వేగంతో వీస్తోంది. నీటిని చేరడానికి 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. ఆ సమయంలో గాలి ఆయనను 4 కిలోమీటర్లు నైరుతి వైపు తోసేస్తుంది. గాలింపు మొదలుకాకముందే వచ్చిన తేడా ఇది.

ఇప్పుడు నీటి మీద కదలిక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి సముద్ర ప్రవాహం దక్షిణ దిశగా సాగుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా దానికి విరుద్ధంగా ఉత్తరానికి సాగుతుంది. మన ఉదాహరణలో ప్రవాహం సెకనుకు 0.4 మీటర్లు అనుకుంటే, ఆరు గంటల్లో అది ఒక్కటే 8.6 కిలోమీటర్లు తీసుకుపోతుంది. పడవలో ఉన్న మనిషిని గాలి కూడా తోస్తుంది. గాలి వేగంలో సుమారు 3 శాతం పడవకు అందుతుందనుకుంటే ఆరు గంటల్లో మరో 5 కిలోమీటర్లు అవుతుంది, మొత్తం 14 కిలోమీటర్ల దాకా వస్తుంది. పడవ లేకుండా లైఫ్ జాకెట్‌తో తేలుతున్న మనిషి శరీరం చాలా వరకు నీటిలోనే ఉంటుంది కాబట్టి గాలి ప్రభావం 1 శాతమే అనుకుందాం. ఆయన మొత్తం కదలిక 10 కిలోమీటర్లు దాటుతుందంతే. ఆయన పడవ ఎక్కారో లేదో తెలియనప్పుడు రెండు చోట్లా వెతకాలి. ఆరు గంటలకే ఈ రెండు చోట్ల మధ్య దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎడం వచ్చేసింది. ఇదే ప్రమాదం మార్చి నెలలో జరిగితే ఇవే అంకెలు ఆయనను మచిలీపట్నం వైపు గాక కాకినాడ వైపు తీసుకుపోయేవి.

ఇది కూడా అన్నీ కచ్చితంగా తెలిసినప్పటి లెక్క. నిజానికి దూకిన స్థానం, గాలి, ప్రవాహం మూడింటిలోనూ కొంత అనిశ్చితి ఉంటుంది, అది గంటగంటకూ పేరుకుంటుంది. మొదట ఆయన 5 కిలోమీటర్ల వ్యాసార్థంలో ఎక్కడో ఉన్నారనుకుంటే వెతకవలసిన వైశాల్యం దాదాపు 79 చదరపు కిలోమీటర్లు. ఆరు గంటలకు వ్యాసార్థం 12 కిలోమీటర్లకు పెరిగితే వైశాల్యం 452 అవుతుంది. ఇరవై నాలుగు గంటలకు 28 కిలోమీటర్లయితే 2,463 చదరపు కిలోమీటర్లు. 2022లో ఏర్పడినప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా మొత్తం విస్తీర్ణం 2,083 చదరపు కిలోమీటర్లే. ఒక రోజు గడిచేసరికి, ఒక్క మనిషి కోసం జిల్లా కన్నా పెద్ద నీటిపరుపును గాలించాలన్నమాట. వ్యాసార్థం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుందన్న బడి లెక్క ఇక్కడ ప్రాణాలతో ముడిపడి ఉంది.

గాలించే పక్షం లెక్క ఇలా ఉంటుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో ఎగిరే హెలికాప్టర్ తన మార్గానికి రెండు వైపులా కలిపి ఒక కిలోమీటరు వెడల్పు చూడగలదనుకుంటే, గంటకు 110 చదరపు కిలోమీటర్లు చూడగలదు. ఆరో గంటలోని 452 చదరపు కిలోమీటర్లకు నాలుగు గంటలకు పైగా, ఇరవై నాలుగో గంటలోని వైశాల్యానికి 22 గంటలకు పైగా పడుతుంది. నవంబరులో పగటి వెలుతురు పదకొండు గంటలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. విశాఖపట్నం నుంచి ఆ చోటుకు గాలిదారిన రెండు వందల కిలోమీటర్లకు పైనే కాబట్టి రానూపోనూ పట్టే సమయాన్ని, ఇంధనాన్ని కూడా తీసివేయాలి. పైగా ఈ వెతుకులాట జరుగుతున్నంతసేపూ వలయం పెరుగుతూనే ఉంటుంది. డజనుకు పైగా విమానాలను ఒకేసారి పంపడంలో ఆర్భాటం లేదు, ఈ లెక్కకు వేరే దారి లేదు.

ఒక కిలోమీటరు వెడల్పు అని రాసుకోవడం కూడా సులువే. పడవ లేని మనిషిలో నీటిపైన కనిపించేది తల ఒక్కటే. నురగ కడుతున్న అలల మధ్య అది, పైనుంచి చూసేవారికి, తేలుతున్న ఎండు కొబ్బరికాయ కన్నా పెద్దగా ఏమీ కనిపించదు. అలాంటి లక్ష్యానికి కిలోమీటరు వెడల్పు చాలా ఎక్కువ. మార్గాల మధ్య ఎడం తగ్గించాలి, తగ్గిస్తే సమయం పెరుగుతుంది.

వెతికి దొరకకపోవడం కూడా సమాచారమే

‘అక్కడ నిన్ననే వెతికారు కదా, మళ్లీ అక్కడికే ఎందుకు వెళ్తున్నారు?’ అన్న విమర్శ ప్రతి గాలింపులోనూ వస్తుంది. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో అతి తక్కువగా అర్థమైన విషయం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

వెతకవలసిన ప్రాంతాన్ని క, ఖ, గ అనే మూడు భాగాలు చేశారనుకుందాం. అందుబాటులో ఉన్న ఆధారాలను బట్టి పైలట్ ‘క’లో ఉండే అవకాశం 60 శాతం, ‘ఖ’లో 30, ‘గ’లో 10. మొదటి రోజు ‘క’ అంతా గాలించారు. అయితే అలలు, ఎండ మెరుపు, ఎగిరిన ఎత్తు వంటివి లెక్కలోకి తీసుకుంటే, మనిషి అక్కడే ఉండి ఉంటే కనిపించే అవకాశం 70 శాతమే. ఎవరూ కనిపించలేదు. ఇప్పుడు ‘క’ను కొట్టివేయవచ్చా? వీలుకాదు. ఆయన అక్కడే ఉండి, కనబడకుండా తప్పిపోయిన అవకాశం 60లో 30 శాతం, అంటే 18. దానికి ‘ఖ’లోని 30, ‘గ’లోని 10 కలిపితే 58. ఈ 58ని కొత్త మొత్తంగా తీసుకుంటే ‘క’కు 31 శాతం, ‘ఖ’కు దాదాపు 52 శాతం, ‘గ’కు 17 శాతం వస్తాయి. రెండో రోజు ‘ఖ’కు వెళ్లాలి. అక్కడా దొరకకపోతే, ఇదే లెక్క మళ్లీ వేసినప్పుడు ‘క’ మొదటి స్థానానికి రావచ్చు. ఒకసారి చూసిన చోటికి మళ్లీ వెళ్లడం వెనుక ఉన్న తర్కం ఇది.

ఈ పద్ధతి ఎంత దూరం పనిచేస్తుందో ఎయిర్ ఫ్రాన్స్ 447 చూపింది. 2009లో అట్లాంటిక్‌లో పడిన ఆ ప్రయాణికుల విమానం కోసం నీటి అడుగున సంకేతాలిచ్చే బీకన్ల శబ్దాన్ని మొదట వెతికారు. శబ్దం వినబడని చోట్ల విమానం ఉండదని భావించారు. రెండేళ్ల తర్వాత, బీకన్లు రెండూ పనిచేయకపోయి ఉండవచ్చన్న ఊహను చేర్చి లెక్కను మళ్లీ వేసినప్పుడు, మొదట వదిలేసిన, చివరిగా తెలిసిన స్థానానికి దగ్గరి ప్రాంతమే ముందుకు వచ్చింది. 2011 ఏప్రిల్‌లో, అక్కడే, సుమారు 3,900 మీటర్ల లోతున విమానం దొరికింది.

మన సముద్రాల కోసం ఇలాంటి లెక్క వేసే సాధనం హైదరాబాద్‌లోనే ఉంది. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, 2016లో ‘సరత్’ అనే గాలింపు సహాయక వ్యవస్థను అందుబాటులోకి తెచ్చింది. చివరిగా కనిపించిన స్థలం, సమయం, తప్పిపోయిన వస్తువు రకం ఇస్తే, గాలి, ప్రవాహాల అంచనాలను బట్టి అది చేరగల చోట్ల అవకాశాలను పటంగా చూపుతుంది. ఆకారం, తేలే తీరును బట్టి అరవై రకాల వస్తువులకు వేర్వేరుగా లెక్క వేయగలదు. పడవలోని మనిషీ, పడవ లేని మనిషీ వేర్వేరు దారుల్లో కొట్టుకుపోతారని పైన చూశాం కదా, ఆ తేడాను పట్టుకోవడానికే ఈ వర్గీకరణ.

బీకన్ ఉండగా ఈ కష్టమంతా ఎందుకు

పైలట్ల దగ్గర, సీట్లలో అత్యవసర బీకన్లు ఉంటాయి. 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో అవి పంపే సంకేతాన్ని కోస్పాస్–సార్సాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థ పట్టుకుంటుంది. మన దేశంలో దాని నియంత్రణ కేంద్రం బెంగళూరులో ఇస్రో ఆధ్వర్యంలో పనిచేస్తుంది. బీకన్‌లో జీపీఎస్ ఉంటే చోటు వంద మీటర్ల దగ్గరగా తెలుస్తుంది, లేకుంటే కొన్ని కిలోమీటర్ల తేడాతో. ఇది పనిచేస్తే పైన చెప్పిన లెక్కల అవసరం దాదాపు ఉండదు.

పనిచేయకపోవడానికి ముఖ్యకారణం ఉప్పునీరే. రేడియో తరంగాలు సముద్రపు నీటిలోంచి బయటకు రావు. బీకన్ నీటిలో మునిగితే, యాంటెన్నా విరిగితే, స్పృహలో లేని పైలట్ ఒంటికింద ఉండిపోతే ఉపగ్రహానికి ఏమీ అందదు. విమానంతో పాటు అడుగుకు పోయే బ్లాక్‌బాక్స్‌లకు వేరే రకం బీకన్ అమరుస్తారు. అది 37.5 కిలోహెర్ట్జ్ వద్ద శబ్దతరంగాలను పంపుతుంది. సాధారణంగా 30 రోజులు పనిచేసేలా చేస్తారు, పౌర విమానాల్లో కొత్తవాటికి 90 రోజుల నియమం వచ్చింది. ఆ శబ్దం కొద్ది కిలోమీటర్లకు మించి వినబడదు, అన్ని సైనిక విమానాల్లోనూ ఇలాంటిది ఉండదు.

బంగాళాఖాతంలో ఇది రెండు రకాలుగా రుజువైంది. 2015 జూన్ 8న తమిళనాడు తీరం దగ్గర ముగ్గురితో కోస్ట్‌గార్డ్ డోర్నియర్ గల్లంతైంది. సింధుధ్వజ్ జలాంతర్గామి శబ్దసంకేతాన్ని పట్టుకుంది, రిలయన్స్ సంస్థ నడిపిన ఒలింపిక్ కాన్యన్ నౌక జులైలో దాదాపు వెయ్యి మీటర్ల లోతు నుంచి రికార్డరును వెలికితీసింది. మరుసటి ఏడాది జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు 29 మందితో వెళ్తున్న వైమానిక దళ ఏఎన్–32 కనబడకుండా పోయింది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఎన్ని నౌకలు, విమానాలు వెతికినా ఏమీ దొరకలేదు. 2024 జనవరిలో, చెన్నైకి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన స్వయంచాలిత జలాంతర వాహనం తీసిన చిత్రాల్లో దాని శకలాలను గుర్తించారు.

డెల్టా దగ్గరైతే ఏమి మారుతుంది

గోదావరి మొగల ముందు సముద్రం రెండు రకాలుగా కష్టపెడుతుంది. ఒడ్డు దగ్గర లోతు తక్కువే గాని, నది తెచ్చిన ఒండ్రు అడుగున మెత్తగా పరుచుకుని ఉంటుంది, బరువైన శకలాలు అందులో కూరుకుపోతే శబ్దతరంగాలతో నీటి అడుగును చూసే సోనార్‌కు ఆనవాలు దొరకడం కష్టం. వర్షాకాలంలో గౌతమి, వశిష్ఠ పాయల నుంచి ఎర్రనీరు సముద్రంలోకి తోసుకువచ్చినప్పుడు, గజ ఈతగాళ్లకు చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఇక ఒడ్డు దాటి కొంత దూరం పోయేసరికి అడుగు ఒక్కసారిగా లోతుకు జారిపోతుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో గ్యాస్ తీసే చోట్లలో కొన్నింటి లోతు వెయ్యి మీటర్లు దాటుతుంది. 70 మీటర్లలో గజ ఈతగాళ్లు చేసే పనిని అక్కడ యంత్రాలే చేయాలి.

కోరింగ మడ అడవుల మీద పడితే అది మరో లోకం. పైనుంచి చూస్తే విడవని పచ్చని కప్పు మాత్రమే కనిపిస్తుంది, పారాచూట్ గుడ్డ కొమ్మల కిందికి జారిపోతే విమానం నుంచి ఏమీ తెలియదు. కింద మోకాలి లోతు బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన శ్వాసవేర్ల మధ్య నడక సాగదు. పోటు సమయంలో పడవ వెళ్లగలిగిన కాలువ పాటు వచ్చేసరికి బురదగా మిగులుతుంది. ఏ కాలువలో ఏ వేళకు నీరుంటుందో భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ల మత్స్యకారులకు తెలుసు, పటాలకు తెలియదు. స్థానికులను వెంట పెట్టుకోవడం ఇక్కడ మర్యాద కోసం కాదు, అవసరం కోసం.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద మునిగిన పర్యాటక బోటును నౌకాదళం, ఎన్‌డీఆర్‌ఎఫ్ సోనార్‌తో వెతికాయి. నదీ వేగం వల్ల గజ ఈతగాళ్లు అడుగుకు చేరలేకపోయారు. చివరకు అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో దాన్ని బయటకు లాగింది. అది విమానం కాదు, అక్కడ పడినచోటు దాదాపుగా తెలుసు. అయినా, చోటు తెలియడానికీ చేరుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో గోదావరి జిల్లాలు ఆ ముప్పై ఏడు రోజులూ చూశాయి.

ఒక్క విషయంలో మన సముద్రం దయ చూపుతుంది. ఉత్తర అట్లాంటిక్‌లో చలి కొద్ది గంటల్లోనే ప్రాణం తీస్తుంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం నీటి ఉష్ణోగ్రత 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి, తేలే సాధనం ఉండి పెద్ద గాయాలు లేని మనిషికి దాహం, ఎండ ప్రధాన శత్రువులవుతాయి. అందుకే ఇక్కడ రెండో రోజు, మూడో రోజు గాలింపు కూడా బతికున్న మనిషి కోసం జరిగే గాలింపే.

యుద్ధ సమయంలో లెక్క తలకిందులవుతుంది

శాంతికాలంలో బీకన్ ఎంత గట్టిగా పిలిస్తే అంత మంచిది. శత్రుభూభాగంలో అదే పిలుపు వేటగాళ్లను రప్పిస్తుంది. అందుకే యుద్ధంలో సంకేత భాషలో, క్షణకాలం మాత్రమే మాట్లాడే రేడియోలు వాడతారు. 1995 జూన్‌లో బోస్నియాలో కూలిన అమెరికా ఎఫ్–16 పైలట్ స్కాట్ ఓ’గ్రాడీ ఆరు రోజులు దాగి ఉండి ఆ తరువాతే బయటపడ్డారు.

రక్షించబోయిన వారి ప్రాణాలకు ఉండే ముప్పు మనకు కార్గిల్‌లో అనుభవమైంది. 1999 మే 27న ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత మిగ్–27 ఇంజిన్ ఆగిపోవడంతో ఎజెక్ట్ అయ్యారు. ఆయన ఎక్కడ దిగారో గుర్తించేందుకు అదే ప్రాంతంలో ఉండిపోయిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా మిగ్–21ను క్షిపణి కూల్చింది, ఆయన ప్రాణాలు కోల్పోయారు, మరణానంతరం వీరచక్ర పొందారు. నచికేత బందీగా చిక్కి కొన్ని రోజులకు స్వదేశం చేరారు. ఒకరి కోసం ఎందరిని, ఎంత దాకా పణంగా పెట్టాలన్న ప్రశ్నకు సైన్యాలు ఏ ఒక్క జవాబు మీదా నిలబడలేదు. వెతుకుతారన్న నమ్మకం లేకపోతే పైలట్ శత్రుగగనంలోకి ఎలా వెళ్తాడని ఒక వాదన; ఒక నష్టాన్ని మూడు నష్టాలు చేయకూడదని మరో వాదన. రెండూ అనుభవం నుంచి పుట్టినవే.

గాలింపు ఎప్పుడు ఆగుతుంది, ఆ తర్వాత ఏమవుతుంది

‘రక్షణ’ దశ, ‘వెలికితీత’ దశ అని రెండున్నాయి. మనిషి బతికి ఉండే అవకాశం ఉందని భావించినంత కాలం మొదటిది నడుస్తుంది. ఆ తర్వాత శకలాలు, భౌతికకాయం, రికార్డరు కోసం రెండోది మొదలవుతుంది. వేగం తగ్గుతుంది, పరికరాలు మారుతాయి. ఈ మార్పును కుటుంబాలు ‘వదిలేశారు’ అని అనుభవిస్తాయి. వారి వైపు న్యాయమైన అంశం ఉంది: బతికి ఉండే కాలం గురించిన అంచనాలు సగటు మనిషి గురించినవి, తమ బిడ్డ సగటు మనిషి కాదు. అధికారుల వైపూ ఉంది: అదే నౌక, అదే విమానం రేపు మరొకరికి కావలసి రావచ్చు, అలసిన సిబ్బందితో చెడు వాతావరణంలో ఎగరడం కొత్త ప్రమాదాలు తెస్తుంది. సమాచారం విషయంలో మాత్రం నేను కుటుంబాల పక్షానే ఉంటాను. ఏ భాగాన్ని ఎంత శాతం నమ్మకంతో గాలించారో చెప్పడంలో రక్షణ రహస్యమేమీ బయటపడదు. ఆ పటం చూపిస్తే అనుమానాలు సగానికి సగం తగ్గుతాయి.

భౌతికకాయం దొరకనప్పుడు చట్టం సంగతి ముందుకు వస్తుంది. సాధారణ పౌరుడి ఆచూకీ ఏడేళ్లపాటు ఎవరికీ తెలియకపోతే, బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా అనేవారి మీద పడుతుంది. పాత సాక్ష్య చట్టంలోని 108వ సెక్షన్, ఇప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమంలో 111వ సెక్షన్. సైనిక దళాలు అంతకాలం ఆగవు. విచారణ సంఘం ఆధారాలు పరిశీలించి మరణించినట్టు నిర్ధారించగలదు, ఆ పత్రం మీదే పింఛను వంటివి కదులుతాయి. ఏఎన్–32లో వెళ్లిన 29 మందినీ 2016 సెప్టెంబరులోనే మృతులుగా భావించారు, శకలాలు దొరికింది ఏడేళ్లు దాటాక.

డెల్టా ఊళ్లకు ఈ ఏడేళ్ల మాట కొత్తది కాదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో వేటకు వెళ్లిన మత్స్యకారులు పెద్ద సంఖ్యలో తిరిగి రాలేదు, ఎందరివో శరీరాలు దొరకనే లేదు. గల్లంతైన మత్స్యకారుడికి విచారణ సంఘం ఉండదు. ప్రభుత్వం ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప ఆ కుటుంబం చేతికి మరణ ధ్రువపత్రం రావడానికి ఏడేళ్ల నియమమే అడ్డు నిలుస్తుంది. సముద్రంలో పైలట్ కొట్టుకుపోయే దారినీ మత్స్యకారుడు కొట్టుకుపోయే దారినీ ‘సరత్’ ఒకే సూత్రంతో లెక్కిస్తుంది. ఆ లెక్క చేతికి వచ్చాక ఎన్ని విమానాలు లేస్తాయి, ఎన్ని రోజులు వెతుకుతాయి అన్నచోట మాత్రం ఇద్దరికీ ఇంకా తేడా ఉంది.